ఎర్రదారం దాకా నీళ్ళు

బైండింగ్ గది,
ఆదివారం మధ్యాహ్నం

చిన్నోడికి,

ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేను, మీ అక్క. బండికి మాత్రం కొంచెం బాగాలేదు.

నీళ్ళు కారుతున్నాయి. పోయిన ఆదివారం ఎప్పటిలాగే కొండమీది నీళ్ళ టాంకు దాకా వెళ్దామని బయల్దేరాం. రెండో మలుపులో వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చింది. పక్కకి తీసి ఆపాను. వెనకే తన వ్యానులో బేకరీ ఆయన వచ్చాడు. ఈ బండి మీద అతనికి ఎప్పట్నుంచో కన్ను ఉంది. కొనుక్కుని దుకాణం ముందు నిలబెడతాడట. ఇంజను పీకేసి, ఆ జాగాలో కేకులు పేర్చి, పైన అద్దం మూత పెడతాడట.

"ఇంకా ఎందుకు సార్ దాన్ని ఇలా కష్టపెడతారు?" అన్నాడు, నలుగురూ ఆగి చూస్తుండగా.

నాకు రోషం వచ్చింది. "ఇంకొక్కసారి రోడ్డు మీద ఆవిరి కక్కితే నీకే ఇచ్చేస్తాను, తీసుకుపో" అన్నాను. అనకుండా ఉండాల్సింది. అనేశాను కాబట్టి ఇక వెనక్కి తీసుకోలేను. పక్క సీట్లోంచి మీ అక్క నా వైపు చూసింది.

ఇంజను వెనక వైపు, లోపలికి ఒక ఇనుప గొట్టం ఉంది. దాని చుట్టూ పచ్చగా పెచ్చు కట్టింది. అక్కడినుంచే కారుతున్నట్టుంది. ఇక్కడి మెకానిక్ చూసి, ఈ మోడల్ తను పుట్టకముందుది అని నవ్వి వెళ్ళిపోయాడు. ఏం చేయాలో నువ్వు రాయి. ఫోను చేయొచ్చు. కానీ ఫోనులో నాకు మాట పెగలదని నీకు తెలుసు.

రోజు పద్దులో ఈ వారం కొత్తగా చేరింది కూలెంటు డబ్బా ఒకటి. వేరే విశేషాలు లేవు.

మీ బావ

---

విడిభాగాల దుకాణం,
కౌంటరు వెనక

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి మా ఆవిడ నోరు వెళ్ళబెట్టింది. "మీ బావగారికి ఇన్ని మాటలు వచ్చా?" అంది. ఫోను చేస్తే మీరు అనేవి మూడే: "ఊఁ", "సరే", "మీ అక్కకి ఇస్తున్నా". ఆ మూడింటిలో మూడోది చాలా తొందరగా వస్తుంది. కాబట్టి బండికి జబ్బు చేయడం నా వరకు మంచిదే అయింది.

ఇక రోగం సంగతి. మీరు చూసింది నీళ్ళ గొట్టమే. పంపు దగ్గర మొదలై, ఇంజను వీపు మీదుగా పాకి, అవతల హీటరు గొట్టంలో కలుస్తుంది. పంపులోకి దూరే కొసకి బొటనవేలి ఉంగరమంత రబ్బరు రింగు ఉంటుంది. వయసు మీద పడితే ఆ రింగు గట్టిపడి పట్టు వదిలేస్తుంది. లేదా గొట్టమే లోపలినుంచి తుప్పు పట్టి సూది బెజ్జం పడుతుంది. ఏదైనా సరే, గొట్టం, రింగు రెండూ మార్చేయాలి. నా నడుం సరిగ్గా ఉంటే ఈపాటికి మీ బండి కింద నా కాళ్ళు కనిపిస్తూ ఉండేవి. డాక్టరు నన్ను కౌంటరు వెనక కూర్చోబెట్టాడు. ఇప్పుడు బండ్ల కింద పడుకునేవాళ్ళకి సలహాలు అమ్ముకుంటున్నాను.

ఆ గొట్టం తయారీ ఆగిపోయింది. పాత సరుకు ఉన్న దుకాణాల్లో వాకబు చేస్తాను. కొంచెం రోజులు పడుతుంది. ఈలోగా కొండ ఎక్కకండి. వేడిగా ఉండగా రేడియేటరు మూత తిప్పారంటే మొహం కాలుతుంది, గుర్తుంచుకోండి. పక్కన ఉండే తెల్ల ప్లాస్టిక్ టాంకుకి నీళ్ళు ఉండాల్సిన చోట గుర్తు పెట్టుకుని రోజూ చూస్తూ ఉండండి. కింద ఒక బేసిన్ పెట్టండి.

మరొక్క మాట. సొంత వైద్యం వద్దు. మీ చేతులు ఊరుకోవని నాకు తెలుసు.

మీ చిన్నోడు

---

బైండింగ్ గది,
పనివాళ్ళు టీకి వెళ్ళిన సమయం

చిన్నోడికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం అందేసరికి సొంత వైద్యం అయిపోయింది.

గొట్టం మీద పెచ్చు గీకి, తుడిచి, ఆరబెట్టాను. మా బైండింగ్ గుడ్డని పట్టీలుగా కత్తిరించి, గట్టి జిగురు పూసి, ఒకదాని మీద ఒకటి ఎక్కించి బిగించి చుట్టాను. లెక్కల పుస్తకాలకి వీపు కట్టే పద్ధతే. ఆ పుస్తకాలు ఇరవై ఏళ్ళు నలిగినా విడిపోవు. టాంకుకి నువ్వు చెప్పినట్టు గుర్తు పెట్టాను. పెన్సిలు గీత చెరిగిపోతుందని ఎర్రదారం కట్టాను.

ఇప్పుడు నాకు అర్థం కానిది ఒకటి ఉంది. పొద్దున్న టాంకు చూస్తే దారానికి కొంచెం కింద ఉంటుంది. కాస్త కూలెంటు పోసి దారం దాకా తెస్తాను. ఊళ్ళోకి వెళ్ళి, పుస్తకాలు ఇచ్చి వచ్చి, బండి షెడ్డులో పెట్టి పనిలో పడతాను. సాయంత్రం చూస్తే నీళ్ళు దారం దగ్గరే ఉంటున్నాయి. ఊళ్ళో తిరిగొచ్చినా తగ్గడం లేదు. నా కట్టు పనిచేసిందని సంతోషించాను. కానీ కింద బేసిన్ మాత్రం నిండుతోంది. నేను పోసిన దానికంటే కారింది చాలా ఎక్కువ. నేను లెక్క రాసుకునే మనిషిని. రాబడి కంటే ఖర్చు ఎక్కువైతే నిలవ తగ్గాలి కదా. ఇక్కడ నిలవ అలాగే ఉంటోంది.

ఇంకో విచిత్రం. నేను పోసేది చిక్కటి ఆకుపచ్చ. బేసిన్‌లో పడేది రోజురోజుకీ పలచబడుతోంది. ఇప్పుడు కీరదోస లోపలి గుజ్జు రంగుకి వచ్చింది. కూలెంటులో కల్తీ ఉందని అనుమానం వచ్చి, బేసిన్‌లోది ఒక సీసాలో, డబ్బాలోది ఒక సీసాలో పట్టుకుని, అది కొన్న దుకాణానికి వెళ్ళాను. రెండూ కౌంటరు మీద పెట్టి నిలబడ్డాను. ఎలా మొదలుపెట్టాలో తోచలేదు. దుకాణదారు చాలాసేపు నన్ను, సీసాల్ని మార్చి మార్చి చూశాడు. "పరీక్షలకి ఇవ్వాలంటే లాబ్ పక్క వీధిలో ఉంది సార్" అన్నాడు. వచ్చేశాను.

అదివరకు బండి మీద మీ అక్క ధ్యాస పెట్టేది కాదు. ఈమధ్య "గొట్టం దొరికిందటా?" అని రోజూ అడుగుతోంది. బేకరీ ఆయన కూడా రోజూ అడుగుతున్నాడు, వేరే ఉద్దేశంతో.

మీ బావ

---

విడిభాగాల దుకాణం,
కౌంటరు వెనక, గిరాకీ లేని పూట

బావగారికి నమస్కారాలు.

బండిని బైండు చేశారా! వీపు మీద పేరు కూడా బంగారు అక్షరాలతో అద్దారా, లేక అది వదిలేశారా? ఉత్తరం చదివి ఎంత నవ్వానంటే నడుం పట్టేసింది. డాక్టరు ఏం చేశారని అడిగితే మా బావగారి ఉత్తరం చదివానని చెప్పాను. ఇకపై నిలబడి చదవొద్దన్నాడు.

గొట్టం దొరికింది. మూడు ఊళ్ళ అవతల ఒక ముసలాయన గోడౌన్‌లో, గోనెసంచి చుట్టి, ఎవరూ ముట్టుకోకుండా ఉంది. తెప్పిస్తున్నాను. పార్సిల్‌లో వేస్తాను.

ఇక మీ లెక్క తేలని నీళ్ళ గురించి. నాకు తెలియదు. తెలియదని కాదు, రాయకూడదు. ఒకరికి మాట ఇచ్చాను. అయితే మెకానిక్‌గా ఒక్కటి చెప్పాలి. కుళాయి నీళ్ళు కలిసి కూలెంటు పలచనైతే ఇంజను లోపల తుప్పు పడుతుంది. ఇలాగే సాగితే మీరు గొట్టం మార్చినా బండి బేకరీకే చేరుతుంది. అది జరగకూడదు కాబట్టి ఒక ఉపాయం చెబుతాను. ఎందుకని అడక్కండి.

ఈ ఉత్తరం అందిన మర్నాడు మధ్యాహ్నం భోజనం అయ్యాక బైండింగ్ గదికి వెళ్తున్నట్టు వెళ్ళండి. అటునుంచి అటే షెడ్డులోకి వెళ్ళి, బండి వెనక సీట్లో పడుకోండి. చప్పుడు చేయకండి. అంతే. చప్పుడు చేయకుండా ఉండటం మీకు నేర్పాలా?

మీ చిన్నోడు

---

బైండింగ్ గది,
శుక్రవారం

చిన్నోడికి,

ఆశీస్సులు. నువ్వు చెప్పినట్టే చేశాను.

ఈ వయసులో సొంత బండిలో దొంగలా పడుకోవడం ఇదే మొదటిసారి. మోకాళ్ళు ముడుచుకుంటే తప్ప పట్టలేదు. అద్దాలు దించి ఉన్నాయి. కాసేపటికి వంటగది తలుపు చప్పుడైంది. చెప్పుల చప్పుడు షెడ్డు దాకా వచ్చి, బండి ముందు ఆగింది. బానెట్ లేచింది. ఇక ముందు అద్దంలోంచి ఏమీ కనిపించలేదు, ఒక్క బానెట్ తప్ప. టాంకు మూత తిప్పిన చప్పుడు, తర్వాత చెంబులోంచి నీళ్ళు పోస్తున్న చప్పుడు వినిపించాయి. మధ్యలో ఆగింది. వంగి దారం చూసుకుంటోందని తెలిసింది. ఇంకొంచెం పోసింది. మళ్ళీ ఆగింది. మీ అక్క ఉప్పు వేసేటప్పుడు ఇలాగే ఆగి ఆగి వేస్తుంది.

పోస్తూ పోస్తూ బండితో మాట్లాడింది. "ఇంకొన్నాళ్ళు ఓర్చుకోవే తల్లీ, నా పరువు తీయకు" అంది. తర్వాత ఇంకో మాట కూడా అంది. అది రాయను.

బానెట్ మూసి వెళ్ళిపోయింది. నేను వెంటనే లేవలేదు. లేద్దామంటే కాలు తిమ్మిరెక్కింది.

ఇంట్లోకి వెళ్ళాను. అడగాలని రెండుసార్లు అనుకున్నాను. టీ ఇస్తూ "బండి ఎలా ఉంది?" అంది. "నా కట్టు బాగా నిలిచింది" అన్నాను. "మీ చేతి పని కదా మరి" అంది, మొహం చెక్కుచెదరకుండా.

ఇప్పుడు లెక్క సరిపోయింది. గొట్టం త్వరగా పంపు.

మీ బావ

---

విడిభాగాల దుకాణం,
పార్సిల్ కట్టిన బల్ల దగ్గర

బావగారికి నమస్కారాలు.

గొట్టం, రింగు, కొత్త బిగింపు పట్టీలు అన్నీ ఇందులో ఉన్నాయి. గోనెసంచి కూడా పంపుతున్నాను, దానికీ మీ బండి వయసే ఉంటుంది.

మీ కళ్ళతో, కాదు, మీ చెవులతో మీరే తెలుసుకున్నారు కాబట్టి నా మాట తీరిపోయింది. ఇప్పుడు చెప్పొచ్చు. ఆవిరి వచ్చిన రోజే అక్క నాకు ఫోను చేసింది. "మీ బావ నోరు జారారురా, ఆ మాట మీద నిలబడే రకం. వేడెక్కకుండా ఉండాలంటే ఏం చేయాలి?" అంది. నీళ్ళు తగ్గకుండా చూసుకోమన్నాను. అంతేగానీ కుళాయి నీళ్ళు పొయ్యమనలేదు. ఎందుకంత పంతం, పాత ఇనుమే కదా, పోతే పోనీ అన్నాను. అప్పుడు ఏమందో తెలుసా?

"ఇంట్లో ఆయన రోజుకి నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప. ఆ బండిలో కూర్చుంటే మాత్రం రోడ్డు వైపు చూస్తూ గేరు మార్చినంత తేలిగ్గా మాట్లాడతారు. చిన్నప్పటి కబుర్లు, ఎవరి పుస్తకం బైండు చేశారో, అందులో ఏముందో, అన్నీ చెబుతారు. నీళ్ళ టాంకు దాకా వెళ్ళి వచ్చేసరికి నాకు వారానికి సరిపడా కబుర్లు. ఆ బండి పోతే నేను ఎవరితో మాట్లాడాలిరా?" అంది.

మీరు రాయనన్న మాట బహుశా ఇదే అయ్యుంటుంది. కాకపోతే నేను ఎక్కువ చెప్పేసినట్టే.

ఇక పని. ఇంజను పూర్తిగా చల్లారనివ్వండి. రేడియేటరు అడుగు బిరడా విప్పి ఉన్నదంతా దించేయండి. ఆ పలచనిది మళ్ళీ వాడొద్దు. వీధి కుక్కలు, పిల్లులు నాకకుండా మూసి పెట్టండి, అది విషం. రబ్బరు గొట్టాలు అతుక్కుపోయి ఉంటాయి. లాగకండి, అటూ ఇటూ మెల్లగా తిప్పండి. రింగు కూర్చునే చోటు సన్నటి గరుకు కాగితంతో నున్నగా రుద్ది తుడవండి. కొత్త రింగుకి కాస్త కొత్త కూలెంటు రాసి తడిపి దూర్చండి. గ్రీజు రాయకండి. జిగురు అసలే వద్దు. చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

వెనకాల ఒక బోల్టు గొట్టాన్ని పట్టుకుని ఉంటుంది. కంటికి కనిపించదు. తడుముకుని విప్పాలి. నా చెయ్యి కూడా అందులో ఎప్పుడూ సరిగ్గా పట్టేది కాదు.

మీ చిన్నోడు

---

బైండింగ్ గది,
సోమవారం పొద్దున

చిన్నోడికి,

ఆశీస్సులు. పని అయింది. వివరంగా రాస్తున్నాను, నీకు నవ్వుకోవడానికి పనికొస్తుంది. కూర్చుని చదువు.

శనివారం పొద్దున్నే మొదలుపెట్టాను. నీళ్ళు దించడం, బ్యాటరీ తీసి పక్కన పెట్టడం, రబ్బరు గొట్టాలు విప్పడం, అన్నీ నువ్వు రాసిన వరుసలోనే జరిగాయి. వెనక బోల్టు దగ్గర ఆగిపోయింది. వేలి కొస తగులుతోంది కానీ పాన పట్టుకున్న చెయ్యి మణికట్టు దగ్గరే ఇరుక్కుపోతోంది. పైనుంచి, పక్కనుంచి, కిందనుంచి అన్నీ ప్రయత్నించాను. చర్మం లేచిపోయింది. మధ్యాహ్నం దాటింది. బేకరీ ఆయన గేటు దగ్గరికి వచ్చి, విప్పి పరిచిన సామాను చూసి, "సగం పని మీరే చేసిపెడుతున్నారు సార్" అన్నాడు. గేటు వేశాను.

సరిగ్గా ఆ సమయానికి మీ అక్క చెంబుతో వచ్చింది. పార్సిల్ వచ్చిన సంగతి తనకి చెప్పలేదు, నేను బైండింగ్ గదిలో ఉన్నాననుకుంది. ఇద్దరం నిలబడిపోయాం.

"ఏంటా చెంబు?" అన్నాను.

"మొక్కలకి."

"మొక్కలు అటువైపు కదా."

"ఇదీ మొక్కలాంటిదే. రోజూ పోయకపోతే ఎండిపోతుంది."

"నేనూ పోస్తున్నాను, పొద్దున."

చెంబు కింద పెట్టేసింది. "మీరు పోస్తున్నారా? ఎందుకు?"

ఆ ప్రశ్నకి జవాబు నా దగ్గర ఉంది. నీకు రాసిన ఉత్తరాల్లో కూడా రాయలేదు. బండి లేకపోతే ఊళ్ళోకి ఆటోలో వెళ్ళి పుస్తకాలు ఇచ్చి రాగలను, నాకేం ఇబ్బంది లేదు. కానీ కొండమీద నీళ్ళ టాంకు కమ్మీలు పట్టుకుని మీ అక్క నిలబడితే, గాలికి జుట్టంతా మొహం మీద పడుతుంది. దాన్ని వెనక్కి తోసుకోదు, అలాగే నవ్వుతుంది. ఇంట్లో అలా నవ్వడం నేను చూడలేదు. అదీ జవాబు. అదంతా చెప్పడానికి అప్పుడు నేను స్టీరింగు ముందు లేను. "వెనక బోల్టు రావడం లేదు. చెయ్యి ఇలా ఇవ్వు" అన్నాను.

గడియారం తీసి నా చొక్కా జేబులో వేసి, చెయ్యి లోపలికి పెట్టింది. మోచేయి దాకా ఇట్టే దూరిపోయింది.

"దొరికింది. ఎటు తిప్పాలి?"

"నీ వైపు."

"నా వైపంటే నేను నిలబడ్డ వైపా, చెయ్యి ఉన్న వైపా?"

"పాన పట్టుకున్న వైపు."

"పాన పడిపోయింది."

ఇలా చాలాసేపు జరిగింది. చివరికి బోల్టు వచ్చింది. గొట్టం బయటికి తీసి నా గుడ్డ కట్టు విప్పి చూశాం. సూది బెజ్జం కాదు, జల్లెడలా ఉంది. మీ అక్క తిప్పి తిప్పి చూసింది. "గుడ్డ మాత్రం భలే నిలిచిందండీ. గొట్టమే పోయింది" అంది. అప్పుడిక నవ్వు ఆపుకోలేకపోయింది. నేనూ నవ్వాను. గేటు బయటికి వినిపించి ఉంటుంది.

కొత్తది బిగించేటప్పుడు కూడా ఆ బోల్టు ఆవిడదే. కొత్త కూలెంటు పోసి, మూత తీసి ఉంచి, లోపలి గాలి పోయేదాకా ఇంజను నడపాలి కదా, హీటరు పూర్తిగా తిప్పి. ముల్లు మీద కన్నేసి ఉంచాలని నేను లోపల కూర్చున్నాను. ఆవిడా వచ్చి పక్కన కూర్చుంది. బయట ఎండ, లోపల హీటరు. ఇద్దరం చెమటతో తడిసిపోయాం. ముందు అద్దంలోంచి కనిపించేది ఎత్తిన బానెట్ ఒక్కటే. రేడియేటరు ఫ్యాను తిరిగి ఆగి, మళ్ళీ తిరిగేదాకా అలాగే కూర్చున్నాం. ఇందాకటి ప్రశ్నకి జవాబు అప్పుడు చెప్పాను. పోయిన శుక్రవారం వెనక సీట్లో ఉన్నానని కూడా చెప్పాను. మోచేత్తో పొడిచింది. ఇంకా నొప్పిగానే ఉంది.

నిన్న కొండ ఎక్కాం. రెండో మలుపులో ఇద్దరం మాటలు ఆపి ముల్లు వైపు చూశాం. మధ్యలోనే ఉంది, కదల్లేదు. పైన టాంకు దగ్గర బేకరీ వ్యాను ఆగి ఉంది.

"ఆవిరి రాలేదా సార్?" అన్నాడు.

"లేదు."

"కొంచెం కూడా?"

మీ అక్కకి జాలేసింది. "మీ దుకాణం ముందు పెట్టుకోవడానికి ఏదైనా కావాలంటే, మా ఆయన పాత బైండింగ్ ప్రెస్ ఉంది, చూడండి" అంది. అది నన్ను అడక్కుండానే ఇచ్చేసింది. పోనీలే. అతను వచ్చి చూస్తానన్నాడు.

నడుం జాగ్రత్త.

మీ బావ

---

విడిభాగాల దుకాణం,
కౌంటరు వెనక

బావగారికి నమస్కారాలు.

కూర్చునే చదివాను. మా ఆవిడకి కూడా చదివి వినిపించాను. అంతా విని, మన ఇంట్లో బండి ఎందుకు లేదని అడుగుతోంది. ఇక్కడ నాకు కొత్త తలనొప్పి తెచ్చిపెట్టారు.

ఇంకో వారం రోజులు టాంకు రోజూ చూడండి. తర్వాత అక్కర్లేదు. ఉత్తరాలు మాత్రం ఆపకండి. మళ్ళీ ఏదైనా చెడిపోయేదాకా ఆగాలంటే చాలా కాలం పడుతుంది, నేను పంపిన గొట్టం మంచి సరుకు.

మీ చిన్నోడు

---

బైండింగ్ గది,
ఆదివారం

చిన్నోడికి,

ఆశీస్సులు. నువ్వు చెప్పిన వారం దాటింది, ఇంకో వారం కూడా దాటింది. చుక్క కారలేదు. బేసిన్ మళ్ళీ బట్టల పనికి వెళ్ళిపోయింది. బేకరీ ఆయన ప్రెస్ తీసుకెళ్ళి, దాని బల్ల మీద రొట్టెలు పేరుస్తున్నాడు. బాగానే ఉంది, చూసి వచ్చాం.

ఇవాళ పొద్దున అలవాటు కొద్దీ షెడ్డులోకి వెళ్ళి బానెట్ ఎత్తాను. వెనక చెప్పుల చప్పుడైంది. మీ అక్క చెంబుతో నిలబడి ఉంది. చెంబు ఖాళీ. ఎందుకు తెచ్చిందో తనకే తెలియదట.

ఇద్దరం వంగి చూశాం. నీళ్ళు దారం దగ్గరే ఉన్నాయి.

"తగ్గలేదు" అన్నాను.

"తగ్గలేదు" అంది.

ఇక అక్కడ చేయడానికి పనేమీ లేదు. అయినా కాసేపు నిలబడ్డాం. దారం తీసేద్దామా అని అడిగాను. ఉండనీయండి, దానికదే ఊడేదాకా అంది.

నీకు ఇంకా చాలా రాయాలని కూర్చున్నాను. మీ అక్క బండిలో కూర్చుని హారన్ కొడుతోంది.

మీ బావ